అక్షరాలు కంటికి ఆనడం లేదు: తెర రిజల్యూషన్ తగ్గించడం సరైన పనేనా?

అక్షరసాధన:

సభ్యులందరికీ నమస్కారం. చాలా ఏళ్ళుగా వాడుతున్న బల్ల మీది కంప్యూటర్ పాడైపోవడంతో రెండు వారాల క్రితం 14 అంగుళాల తెర ఉన్న ల్యాప్‌టాప్‌కు మారాను. అందులో విండోస్ 11 ఉంది. నా పనిలో సగం లెక్కల పట్టికలు, మిగతా సగం తెలుగు టైపింగ్. పాత మానిటర్ మీద సులువుగా చదివిన అక్షరాలే ఈ తెర మీద చీమల బారుల్లా కనబడుతున్నాయి. ముఖాన్ని తెరకు జానెడు దూరానికి తీసుకువెళ్తే తప్ప అంకెలు పోల్చుకోలేకపోయాను.

నా అవస్థ చూసి ఒక మిత్రుడు తెర మీది చుక్కల లెక్క అయిన రిజల్యూషన్‌ను 1920 × 1080 నుంచి 1366 × 768కు మార్చి ఇచ్చాడు. అక్షరాలు పెద్దవైన మాట నిజమే గాని, తడి చేత్తో రుద్దినట్టు అంచులు అలుక్కుపోయాయి. ఇంగ్లీషు ఎలాగో చదవగలుగుతున్నాను. తెలుగులో వత్తు ఏదో, దీర్ఘం ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక్కో మాట దగ్గర ఆగవలసి వస్తోంది. సాయంత్రమయ్యేసరికి కనుబొమల మధ్య నొప్పి మొదలవుతోంది. నాకు 52 ఏళ్ళు, దూరానికీ దగ్గరకూ ఒకే అద్దం పనికొచ్చే ప్రోగ్రెసివ్ అద్దాలు వాడుతున్నాను. తప్పు తెరలో ఉందా, కళ్ళలో ఉందా, అమరికలో ఉందా అన్నది తెలియక అడుగుతున్నాను.

తెరచాప:

అక్షరసాధన గారూ, మీ మిత్రుడు మేలు కోరే చేశారు గాని, ఆ మార్పు వల్లే మసక వచ్చింది. ముందుగా రిజల్యూషన్‌ను తిరిగి 1920 × 1080కు మార్చండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో డిస్‌ప్లే తెరిస్తే రిజల్యూషన్ జాబితాలో ఒకదాని పక్కన "రికమెండెడ్" అని ఉంటుంది. దానినే ఎంచుకోవాలి.

కారణం ఇది. మీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున పిక్సెళ్ళు, అంటే వెలిగే చిన్న గళ్ళు, భౌతికంగా అమర్చి ఉన్నాయి. వాటి సంఖ్య సెట్టింగులతో మారదు. మీరు 1366 ఎంచుకున్నప్పుడు కంప్యూటర్ 1366 చుక్కల బొమ్మను తయారు చేస్తుంది, దానిని 1920 గళ్ళలో పరచవలసి వస్తుంది. అంటే ఒక్కో చుక్క సుమారు ఒకటిన్నర గడి కంటే కొంచెం తక్కువ చోటు ఆక్రమించాలి. గడిని ముక్కలు చేయడం కుదరదు కాబట్టి, పక్కపక్క రంగులను కలిపి సరిపెడతారు. నలుపు తెలుపులు కలిసిన చోట బూడిద రంగు వస్తుంది. మీరు చెప్పిన అలుకుడు అదే. పాత గాజుగొట్టం మానిటర్లలో ఇలా స్థిరమైన గళ్ళ లెక్క ఉండేది కాదు, కాబట్టి ఆ రోజుల్లో రిజల్యూషన్ తగ్గించి అక్షరాలను పెద్దవి చేయడం చెల్లుబాటైన పద్ధతే. ఆ అలవాటు ఇప్పటి తెరలకు పనికిరాదు.

అక్షరాలను పెద్దవి చేయడానికి అదే పేజీలో "స్కేల్" అనే అమరిక ఉంది. దానిని పెంచినప్పుడు కంప్యూటర్ అక్షరాన్ని ఎక్కువ పిక్సెళ్ళతో కొత్తగా గీస్తుంది, ఉన్న బొమ్మను సాగదీయదు. అందువల్ల పెద్దదీ అవుతుంది, పదునుగానూ ఉంటుంది. విండోస్ 100 శాతం అన్నప్పుడు అంగుళానికి 96 పిక్సెళ్ళు ఉన్నట్టు లెక్క వేసుకుంటుంది. మీ 14 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 157 పిక్సెళ్ళు ఉన్నాయి. అదే 1920 × 1080 రిజల్యూషన్ 24 అంగుళాల మానిటర్‌లో అంగుళానికి 92 మాత్రమే వస్తాయి. కనుక మీ ల్యాప్‌టాప్‌లో 100 శాతం పెడితే ఏ వస్తువైనా అసలు ఉండవలసిన పరిమాణంలో మూడింట రెండు వంతుల కంటే చిన్నదిగా కనబడుతుంది. 150 శాతంతో మొదలుపెట్టండి. చాలకపోతే 175 చూడండి.

వేకువ:

తెరచాప గారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చుతున్నాను. స్కేల్ పెంచితే అక్షరాలతో పాటు బొత్తాలు, చిహ్నాలు, కిటికీల అంచులు అన్నీ పెరుగుతాయి, తెర మీద పట్టే సమాచారం తగ్గుతుంది. పట్టికలతో పనిచేసేవారికి అది ఇబ్బంది. మీకు అక్షరాలు మాత్రమే పెరిగితే చాలనుకుంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద "టెక్స్ట్ సైజ్" ఉంటుంది. 100 నుంచి 225 శాతం వరకూ జరపవచ్చు. స్కేల్ 150 దగ్గర ఆపి, టెక్స్ట్ సైజ్‌ను 110 లేదా 120కు పెంచితే నాకు చక్కగా కుదిరింది. అయితే కొన్ని ప్రోగ్రాములు ఈ రెండో అమరికను పట్టించుకోవు.

అక్షరసాధన:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రిజల్యూషన్‌ను తిరిగి 1920 × 1080కు మార్చి, స్కేల్ 150 పెట్టాను. ఒక్కసారిగా తెర తుడిచినట్టయింది. ఇంత తేడా ఉంటుందని ఊహించలేదు. నిన్న సాయంత్రం నొప్పి కూడా తక్కువగా ఉంది.

ఇంకా రెండు చిక్కులున్నాయి. మొదటిది, నేను వాడే పాత లెక్కల ప్రోగ్రాము ఒక్కటి మాత్రం ఇప్పటికీ మసకగానే కనబడుతోంది, మిగతావన్నీ పదునుగా ఉన్నాయి. రెండవది, ఇంగ్లీషు అక్షరాలు హాయిగా కనబడుతున్నా, అదే సైజులో తెలుగు చదవాలంటే ఇంకా కళ్ళు చిట్లించవలసి వస్తోంది. ఇది నా కళ్ళ లోపమా?

వేకువ:

మొదటి చిక్కుకు జవాబు చెప్పగలను. స్కేలింగ్ అనే ఏర్పాటు గురించి తెలియని కాలంలో రాసిన ప్రోగ్రాము తనను 100 శాతంలోనే గీసుకుంటుంది. విండోస్ ఆ బొమ్మను తీసుకుని సాగదీసి చూపుతుంది. అంటే మీ మిత్రుడు తెర మొత్తానికి చేసినదే ఇక్కడ ఒక్క కిటికీకి జరుగుతోంది. ఆ ప్రోగ్రాము చిహ్నం మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో కంపాటిబిలిటీ, దాని అడుగున "చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్" తెరవండి. అక్కడ స్కేలింగ్ బాధ్యత ఎవరిదో మార్చే గడి ఉంటుంది. దానిని టిక్ చేసి, కింది జాబితాలో "సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)" ఎంచుకుని, ప్రోగ్రామును మూసి మళ్ళీ తెరవండి. చాలా పాత ప్రోగ్రాములలో అక్షరాలు దీనితో పదునెక్కుతాయి. కొన్నిటిలో బొత్తాలు చెదిరిపోవచ్చు. అలా జరిగితే టిక్ తీసివేయండి, మరే నష్టమూ ఉండదు.

దిద్దుబాటు:

అక్షరసాధన గారూ, రెండవ చిక్కు మీ కళ్ళ లోపం కాదు. నేను పదిహేనేళ్ళుగా తెలుగు ప్రూఫులు దిద్దుతున్నాను. అందులో సగానికి పైగా కాలం తెర మీదే గడిచింది. తెలుగు లిపికి తెర మీద ఇంగ్లీషు కంటే ఎక్కువ చోటు కావాలి. ఈ సంగతిని చాలామంది తమ కంటిచూపు దోషంగా భావించి బాధపడుతుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇంగ్లీషు అక్షరం ఒకే వరుసలో కూర్చుంటుంది. తెలుగు అక్షరం మూడు అంతస్తులలో ఉంటుంది. నడుమ అసలు అక్షరం, పైన తలకట్టు గాని గుడి గాని, కింద వత్తు. "రాష్ట్రం" అన్న మాటలో షకారం కింద టవత్తు, దానితో పాటు రవత్తు కూడా ఇమడాలి. ఈ మొత్తం ఎత్తును ఇంగ్లీషుకు ఇచ్చిన వరుసలోనే పట్టించవలసి రావడంతో అసలు అక్షరం కుంచించుకుపోతుంది. పేరుకు రెండూ 11 పాయింట్లే అయినా, కంటికి కనబడే తెలుగు అక్షరపు ఒడ్డూపొడుగూ తక్కువ.

పైగా మన అక్షరాలను వేరుచేసే గుర్తులు చాలా చిన్నవి. థకు, ధకు మధ్య తేడా కడుపులోని చుక్క ఒక్కటే. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం. ఆ చుక్క ఒకటి రెండు పిక్సెళ్ళలో పడి బూడిదరంగులో కలిసిపోతే రెండు మాటలూ ఒక్కటే అయిపోతాయి. "ప్రథమ" అని రాయవలసిన చోట "ప్రధమ" అని పడితే చిన్న సైజులో పట్టుకోవడం నాకే సాధ్యం కాదు. "కి"కి, "కీ"కి మధ్య ఉన్నది చివరి చిన్న మెలిక. పకు, వకు మధ్య ఉన్నది తలకట్టు అతుక్కుందా విడిగా ఉందా అన్న సందు. ఇవన్నీ కనబడాలంటే మిగతా భాషల వారు సరిపెట్టుకునే సైజు మనకు చాలదు. నేను ప్రూఫు చూసేటప్పుడు ఇంగ్లీషుకు 100 శాతం జూమ్ చాలిన చోట తెలుగుకు 130 నుంచి 140 పెడతాను. అందుకు సంకోచించనవసరం లేదు.

దీనికి మూడు పనులు చేయండి. ఒకటి, ఫాంటు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. ఇప్పుడు విండోస్ తెలుగును చూపడానికి నిర్మలానే వాడుతుంది. నా కంటికి తెర మీద నిర్మలా గాని, నోటో సాన్స్ తెలుగు గాని హాయిగా ఉంటాయి, ఎందుకంటే వాటిలో గీతల మందం అంతటా దాదాపు సమానంగా ఉంటుంది. సన్నని, మందమైన గీతలు కలిసిన ముద్రణ ఫాంట్లు కాగితం మీద ఎంత అందంగా ఉన్నా చిన్న తెర మీద సన్నగీత మాయమవుతుంది. చదవడానికి ఒక ఫాంటు, అచ్చుకు ఇంకొకటి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. పని పూర్తయ్యాక మార్చుకోవచ్చు.

రెండు, బ్రౌజరు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో ఫాంట్ల దగ్గర "అడ్వాన్స్‌డ్" తెరిస్తే ఏ లిపికి ఆ లిపి విడిగా అమర్చుకునే జాబితా ఉంటుంది. అందులో తెలుగు ఎంచుకుని కనీస సైజును 18 లేదా 20 చేయవచ్చు. అప్పుడు తెలుగు పేజీ రాసినవారు ఎంత చిన్న సైజు పెట్టినా మీకు అంతకంటే తగ్గదు. క్రోమ్‌లో కూడా కనీస సైజు అమరిక ఉంది గాని, అది అన్ని లిపులకూ కలిపి ఒకటే.

మూడు, వరుసల మధ్య ఎడం. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్‌లీ" అని ఉంటే అంతస్తులకు చోటు చాలక కింది వత్తులు తెగిపోతాయి. దానిని "మల్టిపుల్" చేసి 1.3 ఇచ్చి చూడండి. పట్టికల ప్రోగ్రాములో అడ్డువరుస ఎత్తును చేత్తో తగ్గించి ఉంటే అక్కడా ఇదే జరుగుతుంది.

తెరచాప:

దిద్దుబాటు గారి వివరణ చదివాక నాకొక పాత సందేహం తీరింది. విండోస్‌లోని క్లియర్‌టైప్ అన్న పద్ధతి ప్రతి పిక్సెల్‌లో పక్కపక్కన ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలను విడివిడిగా వాడుకుని అక్షరాల అంచులను నునుపు చేస్తుంది. ఆ ముక్కలు అడ్డంగా పేర్చి ఉంటాయి కాబట్టి లాభం కూడా అడ్డదిశలోనే. నిలువుగా ఒకదాని కింద ఒకటి పేర్చే మన వత్తులకు దానివల్ల ఒరిగేది తక్కువ. ఇంగ్లీషు చదివేవారు "క్లియర్‌టైప్ సవరించగానే తెర మారిపోయింది" అని చెబుతుంటే, నాకు తెలుగులో అంత తేడా ఎందుకు కనబడలేదో ఇప్పుడు తెలిసింది. అయినా ఒకసారి సవరించుకోవడం మంచిదే. స్టార్ట్ మెనూలో "అడ్జస్ట్ క్లియర్‌టైప్ టెక్స్ట్" అని వెతికితే వరుసగా కొన్ని నమూనాలు చూపుతుంది. వాటిలో కంటికి స్పష్టంగా తోచినది నొక్కుతూ పోవడమే.

మబ్బుచాటు:

ఇన్ని అమరికలు అవసరమా అనిపిస్తోంది. నేను అన్నిటినీ డార్క్ మోడ్‌లో పెట్టుకున్నాను, నైట్ లైట్ రోజంతా వేసి ఉంచుతాను. నల్లని వెనుకతెర మీద తెల్లని అక్షరాలు కళ్ళకు చల్లగా ఉంటాయి. నీలికాంతి కంటిపొరను దెబ్బతీస్తుందని అంటారు కదా, ఆ ప్రమాదం కూడా తప్పుతుంది. అక్షరసాధన గారు కూడా ఇదే చేస్తే సరిపోతుందని నా సలహా.

కంటిపాప:

మబ్బుచాటు గారూ, మీకు హాయిగా ఉన్నదానిని మానుకోమని అనను. కాని దానిని అందరికీ మందుగా చెప్పడం సరికాదు. నేను కంటి పరీక్షల విభాగంలో పనిచేస్తాను, ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతుంటారు.

వెలుతురు ఉన్న గదిలో ఎక్కువమంది తెల్లని వెనుకతెర మీది నల్లని అక్షరాలనే తేలికగా, తప్పుల్లేకుండా చదువుతారు. తెర వెలుగుగా ఉన్నప్పుడు కనుపాప చిన్నదవుతుంది. చిన్న కనుపాప గుండా వచ్చిన బింబం పదునుగా ఉంటుంది. తెర నల్లగా ఉన్నప్పుడు కనుపాప విప్పారుతుంది, కంటిలోని వక్రతా దోషాలు బయటపడతాయి. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని దిశల్లో సమంగా లేకపోవడం) ఉన్నవారికి నల్లని తెర మీది తెల్లని అక్షరం చుట్టూ వెలుగు చిందినట్టు కనబడుతుంది. దిద్దుబాటు గారు చెప్పిన ఆ చిన్న చుక్క, ఆ సందు ముందుగా మూసుకుపోయేది ఇలాంటప్పుడే. మరోవైపు శుక్లం వంటి కారణాలతో కంటిలో కాంతి చెదిరేవారికి తెల్లని తెర మంచుతెరలా అడ్డుపడుతుంది. వారికి నల్లని తెరే మేలు. చీకటి గదిలో కూర్చునేవారి సంగతి కూడా అంతే. కనుక కంటి స్థితిని, గదిని బట్టి నిర్ణయించుకోవాలి.

ఇక నీలికాంతి. తెరల నుంచి వచ్చే నీలికాంతి కంటికి హాని చేస్తుందనడానికి ఆధారాలు లేవని అమెరికా కంటివైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ స్పష్టంగానే చెబుతోంది. నీలికాంతిని ఆపే కళ్ళద్దాల మీద 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో వెలువడిన కాక్రేన్ (వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి చూసే సంస్థ) సమీక్షలో కూడా, మామూలు అద్దాలతో పోల్చినప్పుడు తెర వాడకం వల్ల కలిగే అలసట స్వల్పకాలంలో తగ్గినట్టు తేలలేదు. నైట్ లైట్ తెర రంగును వెచ్చని పసుపువైపు మారుస్తుంది. రాత్రిపూట దీపం వెలుతురుతో తెర కలిసిపోయి హాయిగా అనిపిస్తే తప్పక వాడుకోండి. పగలంతా వేసి ఉంచితే మాత్రం కాంట్రాస్ట్, అంటే అక్షరానికి, వెనుకతెరకు మధ్య వెలుగు తేడా, కొంత తగ్గుతుంది, పట్టికలలో లేత రంగుల తేడాలు తెలియవు.

అక్షరసాధన గారి నొప్పి విషయంలో ఒక ముఖ్యమైన అనుమానం ఉంది. మీరు ప్రోగ్రెసివ్ అద్దాలు వాడుతున్నానని రాశారు. వాటిలో పై భాగం దూరానికి, అడుగు భాగం దగ్గరకు, నడుమ సన్నని దారి మధ్య దూరానికి. తెర ఉండే దూరం, అంటే 50 నుంచి 70 సెంటీమీటర్లు, ఆ సన్నని దారిలోకే వస్తుంది. తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి చూడవలసి వస్తుంది, మెడ, నుదురు నొప్పెడతాయి. మీరు తెరను ఏ ఎత్తులో ఉంచారు?

అక్షరసాధన:

మీరు అడిగాక గమనించాను. ల్యాప్‌టాప్ తెర పైఅంచు కళ్ళకు సమానంగా ఉండాలని ఎక్కడో చదివి, దాని కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు తగిలించుకున్నాను. గడ్డం ఎత్తే చూస్తున్నాను. ఇన్నాళ్ళూ అది సరైన భంగిమ అనే అనుకున్నాను.

కంటిపాప:

ఆ సూత్రం మామూలు కళ్ళద్దాలవారికి, అద్దాలు లేనివారికి సరిపోతుంది. మీరు రెండు పుస్తకాలు తీసేసి, తెరను కొంచెం వెనక్కు వాల్చండి. చూపు కిందికి 15 నుంచి 20 డిగ్రీలు వాలినప్పుడు తెర మధ్యభాగం కనబడాలి. ప్రోగ్రెసివ్ వాడేవారికి ఇంకొంచెం కిందికున్నా మంచిదే. అయినా తగ్గకపోతే తెర దూరాన్ని టేపుతో కొలిచి, ఆ సంఖ్యను కంటి పరీక్షకు వెళ్ళినప్పుడు చెప్పండి. ఆ దూరానికే ప్రత్యేకంగా అద్దాలు రాస్తారు. రోజుకు ఆరేడు గంటలు తెర ముందు గడిపేవారికి అవి ఎంతో ఉపకరిస్తాయి. కంటి ముందు మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, ఒక పక్క తెర దించినట్టు నీడ వంటివి కనబడితే మాత్రం అమరికలు మారుస్తూ కూర్చోకుండా అదే రోజు కంటివైద్యుల దగ్గరకు వెళ్ళాలి.

ఇంకొకటి. మామూలుగా నిమిషానికి 15 సార్ల వరకూ రెప్పలు వేసే మనిషి తెర చూస్తూ అందులో సగం కూడా వేయడు. మంట, ఇసుక పడ్డట్టు ఉండడం, కాసేపు మసకబారి మళ్ళీ రెప్ప వేయగానే తేటపడడం ఇందువల్లే. ఆ మసకకు ఏ స్కేలూ పనిచేయదు. ఇరవై నిమిషాలకొకసారి ఆరు మీటర్ల అవతలి వస్తువును ఇరవై సెకన్లపాటు చూసి, నిండుగా నాలుగుసార్లు రెప్పలు మూసి తెరవండి.

మబ్బుచాటు:

కంటిపాప గారూ, వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. నాకు ఆస్టిగ్మాటిజం ఉంది. ఇవాళ పగటిపూట లైట్ మోడ్‌కు మారి చూశాను. అక్షరాలు నిజంగానే సన్నగా, విడివిడిగా కనబడ్డాయి గాని, తెలుపు కళ్ళలోకి గుచ్చుతున్నట్టుంది. దానికి ఏం చేయాలి?

తెరచాప:

అది మోడ్ తప్పు కాదు, బ్రైట్‌నెస్ తప్పు. చాలా మానిటర్లు అంగడిలో అందరి కళ్ళూ లాగేలా గరిష్ఠ వెలుగుతో వస్తాయి. తెర పక్కన ఒక తెల్లకాగితం పట్టుకుని చూడండి. తెరలోని తెలుపు దీపంలా వెలుగుతూ కాగితం బూడిదరంగులో కనబడితే బ్రైట్‌నెస్ తగ్గించాలి. తెర మురికిగా, కాగితం తెల్లగా కనబడితే పెంచాలి. రెండూ దాదాపు ఒకేలా ఉన్న చోట ఆపండి. పగలూ రాత్రీ గది వెలుతురు మారుతుంది కాబట్టి ఈ పరీక్షను రెండు పూటలా చేయాలి.

కిటికీ మీ వెనుక ఉంటే అది తెరలో ప్రతిబింబిస్తుంది, తెర వెనుక ఉంటే దాని వెలుగు నేరుగా కళ్ళలో పడుతుంది. బల్లను తిప్పి కిటికీ పక్కకు వచ్చేలా కూర్చోండి. మెరిసే గాజు తెర ఉన్నవారికి ఏ సెట్టింగూ ఇవ్వలేని మేలు ఇది.

వానచినుకు:

నా సమస్య వేరు, కాని విషయం ఇదే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో నల్లని కిటికీ నుంచి తెల్లని పేజీకి మారగానే తెర వెలుగు నెమ్మదిగా మారిపోతోంది. నేను ఏ మీటా నొక్కడం లేదు. చదువుతూ ఉండగానే అక్షరాలు పాలిపోతున్నాయి. తెర చెడిపోతోందేమోనని భయంగా ఉంది.

వేకువ:

భయపడనవసరం లేదు. బ్యాటరీ ఆదా కోసం తెరలోని దృశ్యాన్ని బట్టి వెలుగును, కాంట్రాస్ట్‌ను మార్చే ఏర్పాటు అది. విండోస్ 11లో డిస్‌ప్లే పేజీలో బ్రైట్‌నెస్ పక్కనున్న బాణం గుర్తు నొక్కితే, తెర మీది విషయాన్ని బట్టి బ్రైట్‌నెస్ మార్చాలా అని అడిగే జాబితా ఉంటుంది. దానిని "ఆఫ్" చేయండి. అక్కడ కనబడకపోతే గ్రాఫిక్స్ డ్రైవరు ప్రోగ్రాములో పవర్ విభాగం కింద ఇలాంటిదే ఉంటుంది. గది వెలుతురును బట్టి మారే అమరిక వేరు, అది పనికొచ్చేదే, దానిని ఉంచుకోవచ్చు.

లేతవెలుగు:

నాకు తక్కువ చూపు ఉంది. పుట్టుకతో వచ్చిన లోపం కాబట్టి అద్దాలతో సరికాదు. పైన చెప్పిన సైజులు నాకు చాలవు. నావంటివారు ఎవరైనా ఈ చర్చ చదివితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

విండోస్ మీటను, ప్లస్ మీటను కలిపి నొక్కితే మ్యాగ్నిఫయర్ తెరుచుకుంటుంది. విండోస్ మీటతో ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది. మొదట్లో నేను తెర మొత్తాన్ని పెద్దది చేసుకునేవాణ్ణి. అలా చేస్తే పేజీలో ఎక్కడున్నామో తెలియక దారి తప్పినట్టుండేది. తెర పైభాగంలో ఒక పట్టీలా ఉండే డాక్డ్ పద్ధతికి మారాక పని సులువైంది. పట్టీలో మాట పెద్దదిగా, కింద పేజీ మామూలుగా ఉంటుంది.

కాంట్రాస్ట్ థీములు కూడా చూడండి. విండోస్ 11లో నాలుగు సిద్ధంగా ఉన్నాయి. ప్రతిదానిలో రంగులను మనమే మార్చుకోవచ్చు. నేను నలుపు మీద పసుపు పెట్టుకున్నాను, తెలుపు కంటే అది నాకు తక్కువ చెదురుతుంది. డార్క్ మోడ్‌కు, దీనికి తేడా ఏమిటంటే, డార్క్ మోడ్‌లో నలుపు మీద బూడిదరంగు అక్షరాలు కూడా రావచ్చు, కాంట్రాస్ట్ థీములో అక్షరానికి, వెనుకతెరకు ఎడం ఖచ్చితంగా ఉంటుంది. వెబ్ పేజీల సుగమ్యతా మార్గదర్శకాలు మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1 చొప్పున కాంట్రాస్ట్ ఉండాలని, ఉన్నత ప్రమాణానికి 7కు 1 ఉండాలని చెబుతాయి. తెలుపు మీద నలుపు 21కి 1. లేత బూడిద అక్షరాలతో పేజీలు తయారుచేసేవారు ఈ అంకెలను దయచేసి గుర్తుంచుకోవాలి. నావంటివారికి అది అందం కాదు, మూసిన తలుపు.

మౌస్ బాణం సంగతి ఎవరూ చెప్పలేదు. యాక్సెసిబిలిటీలో దాని సైజును 15 వరకూ పెంచుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. టైపు చేసేచోట మినుకుమనే గీతకు పైనా కిందా రంగు గుర్తులు పెట్టే అమరిక కూడా అక్కడే ఉంది. అక్షరాల కోసం కంటే బాణం కోసం వెతకడంలోనే నా కళ్ళు ఎక్కువ అలసిపోయేవి.

దిద్దుబాటు:

లేతవెలుగు గారూ, ఆ చివరి మాట చదివాక నేనూ మౌస్ బాణాన్ని పెద్దది చేసుకున్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు చేయలేదా అనిపించింది.

వానచినుకు:

వేకువ గారు చెప్పిన అమరికను ఆపగానే వెలుగు స్థిరపడింది. ఇంకొక్క ప్రశ్న. ఇంట్లో పెద్ద టీవీని ల్యాప్‌టాప్‌కు కలిపి చూస్తే అక్షరాలు పెద్దవిగా ఉన్నా ఎర్రటి అక్షరాలు రంగు కారినట్టున్నాయి, చుట్టూ తెల్లని గీత ఉంది, మౌస్ కుదుపులతో కదులుతోంది.

తెరచాప:

టీవీలో ఆ ఇన్‌పుట్‌కు "పీసీ" అన్న మోడ్ ఎంచుకోండి. సినిమాలలో కంటికి తెలియదు గనుక టీవీలు రంగుల వివరాన్ని తగ్గించి చూపుతాయి, సన్నని రంగు అక్షరాలు అందుకే కారినట్టు కనబడతాయి. "షార్ప్‌నెస్" తగ్గిస్తే తెల్లని గీత పోతుంది. పేరులో పదును ఉన్నా అది చేసేది అంచుల చుట్టూ గీత గీయడమే. కుదుపులకు కారణం బహుశా హెచ్‌డీఎమ్‌ఐ తీగ గాని పోర్టు గాని పాతది కావడం. హెచ్‌డీఎమ్‌ఐ 1.4లో 4కె (3840 × 2160 చుక్కల) దృశ్యం సెకనుకు 30 సార్లే మారుతుంది, 2.0 నుంచి 60 సార్లు వస్తుంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో ఎన్ని హెర్ట్జ్ (సెకనుకు ఎన్నిసార్లు) అని ఉందో చూడండి.

అక్షరసాధన:

పదిరోజుల తర్వాత తిరిగి రాస్తున్నాను. ఒక్కో మార్పు చేసి రెండు రోజులు ఆగి చూశాను, ఏది పనిచేసిందో తెలియాలని. రిజల్యూషన్ 1920 × 1080, స్కేల్ 150, టెక్స్ట్ సైజ్ 115. బ్రౌజరులో తెలుగుకు కనీస సైజు 20. పాత లెక్కల ప్రోగ్రాము "ఎన్‌హాన్స్‌డ్" పెట్టగానే పదునెక్కింది, రెండు బొత్తాలు కొంచెం పక్కకు జరిగాయి గాని పనికి అడ్డు రావడం లేదు. బ్రైట్‌నెస్ కాగితం పరీక్ష ప్రకారం పగలు 60, రాత్రి 25 దగ్గర నిలిచింది.

కనుబొమల మధ్య నొప్పి మాత్రం వీటన్నిటి తర్వాత కూడా కొంత మిగిలింది. అది పుస్తకాలు తీసేసిన మూడో రోజుకు పోయింది. తెర దూరం కొలిచాను, 58 సెంటీమీటర్లు. వచ్చే వారం కంటి పరీక్ష ఉంది, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్తున్నాను.

కంటిపాప:

సంతోషం. పరీక్షకు వెళ్ళినప్పుడు దూరంతో పాటు, తెర మధ్యభాగం మీ కళ్ళకు ఎన్ని సెంటీమీటర్ల కింద ఉందో కూడా కొలిచి చెప్పండి. అద్దంలో ఆ దారి ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించడానికి అది కూడా అవసరం.